వారెన్ గారి లింకు డాక్యుమెంటు

పోయిన ఏడాది వేసవిలో మా అబ్బాయి వాళ్ళింట్లో మూడు నెలలున్నాం. బోస్టన్‌కి దక్షిణంగా ఓ గంట ప్రయాణం. ఒక ఆదివారం భోజనాలయ్యాక మా వియ్యపురాలు గారు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టారు. ఆవిడ రిటైరైన నర్సు. నాకు అర్థమవ్వాలని ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడతారు, నా పేరు చివర ‘గారు’ చేర్చడం మా వాడి దగ్గర నేర్చుకున్నారు. స్క్రీన్ మీద అన్నిటికంటే కింద మా మనవరాలి పేరు. దాని పైన తరాల మీద తరాలు. అలా పైకి జరుపుకుంటూ పోతే పదమూడో మెట్టు మీద రిచర్డ్ వారెన్ అనే ఆయన కనిపించాడు. 1620లో ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడెక్కి అమెరికా వచ్చి స్థిరపడ్డ 102 మందిలో ఒకడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ ఇంకా పైకి జరిపారు. ఇంగ్లండ్‌లో నాలుగైదు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళి, 1066లో హేస్టింగ్స్ యుద్ధంలో విలియం రాజు పక్షాన పోరాడిన విలియం డి వారెన్ దగ్గర తేలాం. సర్రీకి మొదటి ఎర్ల్, అంటే అక్కడి పెద్ద ప్రభువు. కవచాల బొమ్మ కూడా పెట్టారు పక్కన.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో పనిచేశాను. ఆస్తి కాగితాల కట్ట చేతికిస్తే నేను చివరి పేజీ చూడను. చేతులు మారిన ప్రతి చోటా వేలు పెట్టి తేదీలు చూస్తాను. అమ్మినవాడికి ఆ ఆస్తి ఎలా వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఆ రోజుకి బతికే ఉన్నాడా? అలవాటు పోదు కదా, ఆ చార్టు మీద కూడా అలాగే చూసుకుంటూ దిగాను. 1500ల్లో ఒక చోట తండ్రి పోయిన మూడేళ్ళకి కొడుకు పుట్టాడు. ఆవిడకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, పగలబడి నవ్వారు. అది తాను వెతికింది కాదట. ఎవరో నెట్‌లో పెట్టిన వృక్షాన్ని ఒక్క నొక్కుతో తన దానికి అతికించుకున్నారట.

ఆ నొక్కుతో మొదలైన పని మూడు నెలలు సాగింది. ఆవిడ దగ్గరున్న పుస్తకాలు, పత్రికలు, అచ్చయిన రికార్డులు వరసగా చదివాను. నాకు తట్టింది ముందే చెప్పేస్తాను. ఈ తొలి వలస కుటుంబాల మూలాలు వెతికినవాళ్ళలో ఇంటిపేరు పట్టుకుని పోయినవాళ్ళు చాలావరకు ఎర్ల్‌ల కోటల దగ్గర తేలారు. భార్య పుట్టింటినీ పిల్లల పేర్లనీ పట్టుకున్నవాళ్ళు ఊరు చేరారు.

ఇంటిపేరు కస్తూరివారు

ఈ సామెత పూర్తి చెయ్యక్కర్లేదు. వారెన్ అనే ఇంటిపేరు నార్మండీలోని వారెన్ అనే ఊరి నుంచి వచ్చి ఉండొచ్చు. కుందేళ్ళు పెరిగే దిబ్బ పక్కన కాపురమున్నవాడికీ వచ్చి ఉండొచ్చు, దాన్ని కూడా ఇంగ్లీషులో వారెన్ అనే అంటారు. ఇద్దరికీ పేరొకటే, చుట్టరికం ఏమీ లేదు. ఇప్పుడు ఎలిజబెత్ వారెన్ అనగానే అందరికీ మసాచుసెట్స్ సెనేటర్ గుర్తొస్తుంది. ఆవిడకి ఆ ఇంటిపేరు మొదటి భర్త నుంచి వచ్చింది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఎవరైనా పేరొక్కటే చూసి ఆవిడని మేఫ్లవర్‌లో కూర్చోబెట్టినా ఆశ్చర్యం లేదు.

19వ శతాబ్దంలో బోస్టన్, న్యూయార్క్‌లలో డబ్బు చేసుకున్న కుటుంబాలకి తాతముత్తాతల మీద మోజు పుట్టింది. బోస్టన్‌లో వంశచరిత్రల సంఘం 1845లోనే పెట్టారు, దాని పత్రిక 1847 నుంచి ఈ రోజుకీ వస్తోంది. మంచి పని చాలా చేశారు. మోజున్న చోట వ్యాపారమూ ఉంటుంది. హొరేషియో గేట్స్ సోమర్‌బీ అనే ఆయన ఇంగ్లండ్‌లో కూర్చుని అమెరికన్లకి వంశావళులు పంపేవాడు. ఆయన పోయిన చాలా ఏళ్ళకి వాటిలో కొన్ని అల్లినవని తేలింది. ఆయన తర్వాత వచ్చిన గుస్టావ్ ఆంజూ ముందు ఈయన చిన్నపిల్లాడు. ఆంజూ స్వీడన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డవాడు, 1942లో పోయాడు. వేల డాలర్లు తీసుకుని, కోరినవాడికి కోరిన పూర్వీకుడిని చేసిపెట్టాడు. మన భట్రాజులు కనీసం ఎదురుగా నిలబడి పొగిడేవాళ్ళు, ఈయన సాక్ష్యాలతో సహా పొగిడాడు.

ఆయన పద్ధతి చదువుతుంటే నాకు పాత ఆఫీసు గుర్తొచ్చింది. అన్నీ దొంగ కాగితాలు పెట్టడు. అమెరికా వైపు తరాలు నిజమైనవి. ఇంగ్లండ్ వైపు తరాలు కూడా నిజమైనవే. అదే ఇంటిపేరున్న ఇరవై ముప్ఫై మంది అసలైన వీలునామాలు గుదిగుచ్చుతాడు, చదివేవాడికి కళ్ళు తిరిగేలా. ఆ రెండు వైపులనీ కలిపే ఒకటో రెండో పుట్టుక రికార్డులు మాత్రం తన సొంతం. అవి ఏ చర్చిలోనూ ఉండవు. లేఅవుట్ స్థలాల మోసాల్లో కూడా ఇంతే. పట్టా అసలుది, చివరి సేల్ డీడ్ అసలుది, మధ్యలో 1987 నాటి జీపీఏ, అంటే అమ్మడానికి అధికారమిచ్చే పత్రం, ఒక్కటే దొంగది. ఆ ఒక్కటి కోసమే మిగతా కట్టంతా.

ఆంజూ కల్పనలు పుస్తకాల్లోకి, పుస్తకాల్లోంచి సీడీల్లోకి, అక్కడినుంచి వెబ్‌సైట్లలోకి పాకాయి. మా వియ్యపురాలు గారి ఎర్ల్ ఎవరి కల్పనో నేను కనిపెట్టలేదు. పుట్టక ముందే తండ్రిని చంపిన ఆ తెలివితక్కువతనం చూస్తే మాత్రం ఆంజూది అనిపించలేదు.

ఆగస్టీన్ వాకర్ వీలునామా

అసలు రిచర్డ్ వారెన్ గురించి తెలిసింది తక్కువ. 1622లో అచ్చయిన తొలి వృత్తాంతంలో ఆయన్ని లండన్ వాడని అన్నారు. ఆ ఓడవాళ్ళు కట్టుకున్న ప్లిమత్ కాలనీకి గవర్నర్ అయిన విలియం బ్రాడ్‌ఫర్డ్ ప్రయాణికుల జాబితా రాస్తూ, భార్యాబిడ్డల్ని వెనక వదిలి వచ్చాడనీ వాళ్ళు తర్వాత వచ్చారనీ ఒక ముక్క రాశాడు. భార్య ఎలిజబెత్ అయిదుగురు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని 1623లో యాన్ అనే ఓడలో వచ్చింది. మేరీ, యాన్, సారా, ఎలిజబెత్, అబిగేల్. ఇక్కడికొచ్చాక ఇద్దరు మగపిల్లలు. 1628లో ఆయన పోయాడు.

పాత పుస్తకాల్లో ఆ ఎలిజబెత్‌ని మార్ష్ అనే ఆయన వితంతువని రాశారు. ఆధారం లేదు, ఒకరి నుంచి ఒకరు ఎత్తిరాసుకున్నారు. వారెన్‌కి మాత్రం గొప్ప గొప్ప తండ్రుల్ని వెతికారు, ఒక్కరూ నిలవలేదు. ఆ పేరున్న రిచర్డ్‌లు ఇంగ్లండ్‌లో కోకొల్లలు మరి, ఎవరని పట్టుకుంటారు?

2003లో ‘ది అమెరికన్ జీనియాలజిస్ట్’ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. లండన్‌కి ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో గ్రేట్ ఆమ్‌వెల్ అని ఒక చిన్న ఊరు. అక్కడి చర్చి పుస్తకంలో 1610 ఏప్రిల్ 14న రిచర్డ్ వారెన్‌కీ ఎలిజబెత్ వాకర్‌కీ పెళ్ళి అని ఉంది. ఇదొక్కటే అయితే నేను కూడా నమ్మను. ఆ పేర్లతో పెళ్ళిళ్ళు ఎన్నయినా జరిగి ఉంటాయి. దాని పక్కన ఇంకో కాగితం ఉంది. అదే ఊళ్ళో ఆగస్టీన్ వాకర్ అనే పెద్దమనిషి 1613 ఏప్రిల్లో వీలునామా రాశాడు. అందులో తన కూతురు ఎలిజబెత్ వారెన్ పేరు, ఆమె ముగ్గురు పిల్లల పేర్లు రాశాడు. మేరీ, యాన్, సారా.

ఇప్పుడు ఓడ దిగిన అయిదుగురి వరస మళ్ళీ చూడండి. పెళ్ళయిన మూడేళ్ళకి ముగ్గురు, పేర్లు అవే, వరస అదే. ఆ ఎలిజబెత్ వాకర్ అదే జిల్లాలోని బాల్డాక్ అనే ఊళ్ళో 1583 సెప్టెంబర్లో బాప్టిజం పొందింది. ప్లిమత్‌లో వారెన్ గారి వితంతువు 1673 అక్టోబర్ 2న పోయింది. ఆమెకి తొంభై పైబడ్డాయని అక్కడి రికార్డులో రాసుకున్నారు. ఒక సముద్రానికి అటూ ఇటూ ఉన్న రెండు పుస్తకాలు, మధ్యలో తొంభై ఏళ్ళు, రాసినవాళ్ళు ఒకరినొకరు ఎరగరు. లెక్క నెలతో సహా సరిపోయింది! ఆ పేజీ చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు, మా ఆవిడ బీపీ చూసుకోమంది.

గమనించండి, రిచర్డ్ వారెన్ తండ్రి ఎవరో ఇంకా ఎవరికీ తెలియదు. ఎర్ల్ దాకా వెళ్ళే చార్టు దాని మొదటి మెట్టు దగ్గరే తెగిపోయింది. ఇన్నేళ్ళ వెతుకులాటలో అల్లుడి పుట్టుక దొరకలేదు, మామగారి ఊరు దొరికింది. ఆ మామగారు మనవరాళ్ళ పేర్లు రాయడం వల్ల దొరికింది. ‘నా కూతురి పిల్లలకి’ అని ముక్తసరిగా రాసి ఉంటే కథ అక్కడే అయిపోయేది.

ఈ ఎలిజబెత్ గారి మీద నాకు ఇంకో కారణంగా కూడా గౌరవం. భర్త ఒప్పుకున్న బేరం పూర్తి కాకుండానే పోయాడు కాబట్టి, ఆయన స్థానంలో ఆవిడనే కొనుగోలుదారుగా రాసుకోవాలని 1637 మార్చిలో ప్లిమత్ కోర్టు తీర్మానించింది. పెళ్ళయిన ఆడదాని పేర ఆస్తి ఉండని కాలం. వితంతువు కాబట్టి సాధ్యమైంది. ఆవిడ అల్లుళ్ళకి భూమి రాసిచ్చింది, మన పసుపుకుంకుమ లాగే. 1652 నాటికి కొడుకు నాథనియల్ ఆ భూముల మీద పేచీ పెట్టాడు, తల్లికీ బావలకీ ఎదురుగా. అది చదివి మా ఆవిడకి చెబితే, ‘ఇందులో వింతేముంది?’ అని బెండకాయలు తరుక్కుంటూ కూర్చుంది.

ఇంకో మూడు కుటుంబాలు

ఒక్క కేసు చూసి సూత్రం చెప్పేస్తే తప్పు. అందుకని మిగతా వాళ్ళవి చూశాను.

స్టీఫెన్ హాప్కిన్స్ గ్లోస్టర్‌షైర్‌లో వాటన్ అండర్ ఎడ్జ్ అనే ఊరివాడని చాలాకాలం రాశారు. భార్యకి కాన్‌స్టన్స్ డడ్లీ అని పేరు కూడా పెట్టారు, కూతురి పేరు కాన్‌స్టన్స్ కదా అని. 1998లో కేలబ్ జాన్సన్ అనే పరిశోధకుడు హ్యాంప్‌షైర్‌లో హర్స్‌లీ చర్చి పుస్తకంలో పిల్లల్ని పట్టుకున్నాడు. 1606లో కాన్‌స్టన్స్, దాని వెనకే జైల్స్. ఈ రెండు పేర్లు ఒకే ఇంట్లో, ఒకే వరసలో ఉండడం అరుదు. తల్లి పేరు మేరీ, 1613లో అక్కడే పోయింది. డడ్లీ గారమ్మాయి గాల్లో కలిసిపోయింది. జిల్లా తెలిశాక తండ్రి కూడా దొరికాడు. స్టీఫెన్ 1581లో అదే హ్యాంప్‌షైర్‌లో అప్టన్ గ్రే అనే ఊళ్ళో బాప్టిజం పొందాడు. ముందు పిల్లలు, తర్వాత తల్లి, ఆఖరికి ఇంటిపేరు.

జైల్స్ పుట్టిన సంవత్సరం దగ్గర మాకు చిన్న గొడవైంది. ఆవిడ చార్టులో ఒక చోట 1607 జనవరి, ఇంకో చోట 1608 జనవరి. ఇద్దరు జైల్స్‌లా అని ఆవిడ సందేహం. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మారేది, 1752 దాకా. జనవరిలో పుట్టినవాడు పాత లెక్కలో 1607, ఇప్పటి లెక్కలో 1608. మాకు ఉగాది కూడా మార్చిలోనో ఏప్రిల్లోనో వస్తుందని చెబితే ఆవిడకి వెంటనే ఎక్కింది.

జాన్ హౌలాండ్‌ది మరో రకం. తుఫానులో ఓడ మీంచి పడిపోయి, వేలాడుతున్న తాడు పట్టుకుని బతికినవాడు. ఆయన పెళ్ళాడిన ఎలిజబెత్ తొలి గవర్నర్ కార్వర్ కూతురనో మనవరాలనో తరాల తరబడి చెప్పుకున్నారు. గవర్నర్ గారింటి చుట్టరికం ఎవరికి చేదు! బ్రాడ్‌ఫర్డ్ చేతిరాత ప్రతి ఎప్పుడో మాయమైంది. అది 1855లో లండన్ బిషప్ గారి గ్రంథాలయంలో ఉందని గుర్తించి, మరుసటి ఏడు అచ్చువేశారు. అందులో స్పష్టంగా ఉంది, ఆమె జాన్ టిల్లీ కూతురు. తల్లీ తండ్రీ ఇద్దరూ మొదటి చలికాలంలోనే పోయారు, వచ్చినవాళ్ళలో సగం మందితో పాటు. పదమూడేళ్ళ పిల్ల ఒంటరిగా మిగిలింది. అనాథ పిల్లని కథల్లో గవర్నర్ బిడ్డని చేశారు.

ఇక మోర్ పిల్లలు. ష్రాప్‌షైర్‌లోని షిప్టన్ నుంచి నలుగురు చిన్నపిల్లలు, ఎలెన్, జాస్పర్, రిచర్డ్, మేరీ. తల్లిదండ్రులు లేకుండా ఆ ఓడెక్కారు. పెద్దపిల్లకి ఎనిమిదేళ్ళు. ఎందుకో చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. 1959లో ఒక పాత కాగితం బయటపడింది. ఆ పిల్లలు తనకి పుట్టలేదనీ భార్య కేథరిన్‌కి వేరొకరి వల్ల పుట్టారనీ అనుమానించి భర్త శామ్యూల్ మోర్ వాళ్ళని పంపించేశాడు. ముగ్గురు మొదటి చలికాలం దాటలేదు. రిచర్డ్ ఒక్కడే బతికాడు. ఇందులో విధి వెక్కిరింత చూడండి. మేఫ్లవర్ ప్రయాణికుల్లో రాజవంశపు లింకు గట్టిగా నిలబడే బహు కొద్దిమందిలో ఈ పిల్లలున్నారు. అది తల్లి కేథరిన్ వైపు నుంచి. తండ్రి వద్దనుకున్న పిల్లలకి రాజుల తాతరికం, అదీ ఇంటిపేరుతో పని లేకుండా.

మా అబ్బాయి వాదన

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర చెబుతుంటే మా వాడు ఊరుకోలేదు. ‘నాన్నా, మీకు నచ్చిన కేసులు ఏరుకుంటున్నారు’ అన్నాడు. బ్రాడ్‌ఫర్డ్ సంగతేంటి అని అడిగాడు. నిజమే. బ్రాడ్‌ఫర్డ్ ఊరు భార్య ద్వారా దొరకలేదు. 1702లో అచ్చయిన ఒక చరిత్రలో ఆయన పుట్టిన ఊరు ఆన్‌స్టర్‌ఫీల్డ్ అని పడింది. అలాంటి ఊరు ఇంగ్లండ్‌లో లేదు. ఒక్క అక్షరం అచ్చుతప్పు, అసలు పేరు ఆస్టర్‌ఫీల్డ్. 19వ శతాబ్దంలో అది సరిచేసుకున్నాక చర్చి పుస్తకంలో బ్రాడ్‌ఫర్డ్ ఇంటిపేరుతోనే దొరికాడు. ఊరు తెలిస్తే ఇంటిపేరు చక్కగా పనిచేస్తుంది. ఊరు తెలియనప్పుడే అది దారి తప్పిస్తుంది. ఇంతవరకు నా మాట సవరించుకున్నాను.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. ఆడవాళ్ళ దారి అంత మంచిదైతే విలియం బ్రూస్టర్ భార్య పుట్టింటి పేరు ఎందుకు తేలలేదు? ఆ కాలనీలో మతపెద్ద ఇల్లాలు, మేరీ బ్రూస్టర్. ఎన్నో పేర్లు ప్రతిపాదించారు, ఏదీ రుజువు కాలేదు. ఇలాంటి భార్యలు ఎంతమందో. ఆడవాళ్ళ గురించి రాసిందే తక్కువ కాబట్టి ఆ దారిలో చాలాసార్లు ఏమీ దొరకదు, దొరికిన నాలుగూ నేను చెబుతున్నాను. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం అనగలను. ఆ దారిలో ఏమీ దొరక్కపోతే గడి ఖాళీగా ఉంటుంది. ఇంటిపేరు దారిలో ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది, గొడవంతా దానితోనే.

డీఎన్ఏ ఉందిగా అని కోడలు అంది. వై క్రోమోజోము పరీక్ష తండ్రి నుంచి కొడుక్కి వెళ్ళే గీతనే చూపిస్తుంది. మా కోడలి వాళ్ళు వారెన్ పెద్దకూతురు మేరీ, రాబర్ట్ బార్ట్‌లెట్ దంపతుల సంతానం. మొదటి తరంలోనే ఆ గీత తప్పింది. మిగతా డీఎన్ఏ సంగతంటారా, మా మనవరాలికి పన్నెండు మెట్లు పైన 4096 స్థానాలుంటాయి. అందులో రెండు వారెన్ దంపతులవి. 2048 మా గుంటూరు జిల్లా వైపువి, వాళ్ళెవరో ఎవరూ వెతకడం లేదు.

మా వాడు చివర్లో అన్నమాట ఇంకా నన్ను పీకుతూనే ఉంది. ‘ఆ దస్తావేజులకి మూల దస్తావేజు ఎక్కడ?’ అన్నాడు, నా భాషలోనే. ప్లిమత్ కట్టిన చోటు పటక్సెట్ అనే వాంపనోగ్ తెగవాళ్ళ ఊరు. ఓడ రావడానికి ముందు, 1616 నుంచి 1619 దాకా వచ్చిన మహమ్మారిలో ఆ ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. దున్నిన పొలాలు అలాగే ఉన్నాయి, మనుషులు లేరు. 1538 నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి చర్చీ పుట్టుకలూ చావులూ రాసుకోవాలని ఆజ్ఞ ఉండబట్టి బాల్డాక్‌లో ఒక ఆడపిల్ల బాప్టిజం ఈ రోజుకీ చదువుకుంటున్నాం. పటక్సెట్ ఆడపిల్లల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. అమ్మకందారు సంతకం లేని భూమిని కోర్టు పంచి, వారెన్ వితంతువుని కొనుగోలుదారు అంది. నా సర్వీసులో అలాంటి కాగితం వస్తే పెండింగులో పెట్టేవాణ్ణి. వియ్యపురాలు గారు ఆ మాట విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత చార్టులో ప్లిమత్ అని ఉన్న చోటల్లా పక్కన పటక్సెట్ అని చేర్చుకున్నారు.

గీతలు

మేఫ్లవర్ వారసుల సంఘం 1897లో ఏర్పడింది. అందులో చేరాలంటే ప్రతి తరానికీ కాగితం చూపించాలి. మొదటి అయిదు తరాలు వాళ్ళే పుస్తకాలుగా వేశారు కాబట్టి అక్కడ బాధ లేదు. సముద్రం దాటిన చోటే కష్టమని నేను అనుకున్నాను. కాదట. 1790 నుంచి 1850 మధ్య, కుటుంబాలు మసాచుసెట్స్ వదిలి న్యూయార్క్ రాష్ట్రం లోపలికి, ఒహాయోకి వెళ్ళిపోయిన కాలంలో అందరి చెట్టూ విరుగుతుంది.

కారణం జనాభా లెక్కలు. 1850కి ముందు ఇంటి యజమాని పేరొక్కటే రాసేవాళ్ళు. మిగతా వాళ్ళంతా వయసుల వారీ గడుల్లో అంకెలు. ఇరవై నుంచి ముప్ఫై లోపు ఆడది, ఒకటి. వియ్యపురాలు గారు ఇరుక్కున్నది ఆ ‘ఒకటి’ దగ్గరే. 1820ల్లో న్యూయార్క్ రాష్ట్రంలో పెళ్ళయిన ఒకావిడ. భర్త పేరు తెలుసు, పిల్లల పేర్లు తెలుసు, సమాధి రాయి మీద ఆవిడ పేరు, పక్కన ఫలానా వారి భార్య అని ఉంది. పుట్టింటిపేరు లేదు. బార్ట్‌లెట్ల సంతతి ఆవిడ ద్వారానే దిగిందని ఇంట్లో నోటిమాట. పద్నాలుగేళ్ళుగా వెతుకుతున్నారు.

నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, చెప్పాను. చావు కాగితాలు, పుట్టుక కాగితాలు వదిలెయ్యండి, హక్కు విడుదల దస్తావేజులు చూడండి. మన దగ్గర తండ్రి పోయాక అన్నదమ్ములు ఆస్తి అమ్మాలంటే ఆడపిల్లల చేత సంతకాలు పెట్టిస్తారు. ఎక్కడెక్కడో కాపురాలు చేసుకుంటున్న ఆడపడుచులంతా ఆ ఒక్క కాగితం మీద వరసగా కనిపిస్తారు, భర్తల పేర్లతో సహా. అమెరికాలోనూ సరిగ్గా అలాంటి కాగితమే ఉంది. ఆ కౌంటీ పాత దస్తావేజుల పుస్తకాలు ఫ్యామిలీసెర్చ్ అనే సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక మేమిద్దరం కూర్చునేవాళ్ళం, ఆవిడ టీ, నేను మజ్జిగ.

పంతొమ్మిదో రాత్రి దొరికింది. 1834 నాటిది. ఒక బార్ట్‌లెట్ పోయాడు, ఆరుగురు వారసులు ఏడో వాడికి వాటాలు వదులుకుంటున్నారు. నాలుగో పేరు మా ఆవిడది, అంటే వియ్యపురాలు గారు వెతుకుతున్న ఆవిడది, భర్త పేరుతో కలిపి. సంతకం రాదేమో, అడ్డగీతల గుర్తు పెట్టింది. కింద జడ్జి రాసుకున్న మాట చదివి నాకు ఒళ్ళు పులకరించింది. భార్యల్ని భర్తలకి దూరంగా, విడిగా అడిగాననీ బలవంతం లేకుండా ఒప్పుకున్నామన్నారనీ రాశాడు. నేను కూడా ఆడవాళ్ళు వేలిముద్ర వేసే ముందు మగవాళ్ళని కాస్త వెనక్కి జరగమనేవాణ్ణి. నిబంధన ఉండి కాదు, ముఖాలు చూసి.

అయితే అదే కౌంటీలో ఆ భర్త పేరుతోనే ఇంకొకడున్నాడు. ఇద్దరిలో ఎవడు? హద్దులు చూద్దామన్నాను. 1837లో మేం వెతుకుతున్న ఆవిడ భర్త అమ్ముకున్న పొలానికి తూర్పు హద్దు ఈ బార్ట్‌లెట్ గారి భూమే, లాట్ నంబరుతో సహా. నా మట్టుకు నాకు అది చాలు. వారసుల సంఘానికి చాలుతుందో లేదో చూడాలి, కాగితాలు పంపి ఏడు నెలలైంది. ఎర్ల్ గారిని మాత్రం ఆవిడ ఆ వారమే తీసేశారు. రిచర్డ్ వారెన్ తండ్రి గడి ఇప్పుడు ఖాళీ.

మేం తిరిగొచ్చే ముందు రోజు, ఇప్పుడు మీ వైపు ఎక్కిద్దాం అన్నారావిడ. మా నాన్న, తాత, ముత్తాత, ఆయన తండ్రి, ఆయన తండ్రి, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. తాత భార్య పేరు అడిగారు, చెప్పాను. ముత్తాత భార్య? తెనాలిలో మా అక్కయ్యకి ఫోన్ చేశాను.

‘ముత్తవ్వా? పెదనందిపాడు అమ్మమ్మ అనేవాళ్ళురా అందరూ’ అంది.

‘అది ఊరు కదే. పేరేంటి?’

అక్కయ్య చాలాసేపు ఆలోచించింది. కాపురానికి వచ్చిన రోజు నుంచి ఆమెని ఊరిపేరుతోనే పిలిచారట. ఆమె తోడికోడలు అప్పాపురం అమ్మమ్మ. వాళ్ళ పేర్లు తెలిసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆడవాళ్ళకి పేర్లు మిగిలి పుట్టిళ్ళు పోయాయి. మా ఇంటికొచ్చిన ఆడవాళ్ళకి పుట్టిళ్ళు మిగిలాయి.

వియ్యపురాలు గారు పేరు అనే గడిలో పెదనందిపాడు అని అక్షరం అక్షరం నన్ను అడిగి కొట్టారు. ఇది ఊరి పేరులా ఉంది, సరిచేస్తారా అని ఆ సైట్ ఎర్రగా అడిగింది. ఆవిడ నా వైపు చూశారు. వద్దన్నట్టు తలూపాను. ‘అలాగే ఉంచు’ అన్న దాని మీద నొక్కారు.